పాత్రలు తోమిన నటుడు: సిడ్నీ ప్వాటియే చరిత్రము

ప్రతి సంవత్సరము జూను మాసమున క్రొత్త తరగతులు ప్రారంభమైనప్పుడు మేము విద్యార్థుల నొక్కొక్కరిని లేపి పాఠమును బిగ్గరగా చదివింతుము. ఏటేట ఒకరో ఇద్దరో లేచి నిలువబడి, పుస్తకమును ముఖమునకు అడ్డముగా పట్టుకొని, గొంతు నొప్పి యనియో, కండ్లకలక యనియో చెప్పి కూర్చుందురు. వారికి గొంతు నొప్పి లేదని మాకు తెలియును. తమకు చదువరాదని తోటివారికి తెలిసిపోవునేమో యను భయమే వారిని పీడించుచుండును. పదునైదేండ్లు నిండిన పిల్లవానికి ఆ భయము పులిని చూచిన భయముకంటె పెద్దది. అట్టివారిలో ఒకడు నిరుడు అందరును పోవువరకు వేచియుండి, "మేష్టరుగారూ, ఇంత వయసు వచ్చిన తరువాత చదువు నేర్చుకొన్నవా రెవరైన ఉన్నారాండీ?" అని అడిగెను. ఆ దినమున వానికి మేము చెప్పిన కథనే కొంత పెంచి ఈ సంచికకు వ్రాయుచున్నాము.

ఇది హాలీవుడ్డు సినిమా నటుని కథ. పాఠశాల పత్రికలో సినిమా నటుని చరిత్ర ఏల యని పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయుదురేమో. కథ ముగియువరకు ఓపిక పట్టవలసినదిగా వారిని వేడుచున్నాము. ఆ నటుని పేరు సిడ్నీ ప్వాటియే. మన పత్రికలలో పోయిటియర్ అని అచ్చు వేయుచుందురు. ఆ యింటిపేరు ఫ్రెంచి భాషనుండి వచ్చినది గనుక పలుకుబడిని బట్టి మేము ప్వాటియే అని వ్రాయుచున్నాము.

బహామా ద్వీపములు అమెరికాలోని ఫ్లారిడా తీరమునకు తూర్పున అట్లాంటిక్ మహాసముద్రములో నున్నవి. 1973లో స్వాతంత్ర్యము పొందువరకు అవి ఆంగ్లేయుల పాలనలో నుండెను. వానిలో క్యాట్ ద్వీపమను సన్నని పొడవైన దీవిలో రెజినాల్డ్ ప్వాటియే అను రైతు టొమాటోలు పండించి, ఓడమీద మయామి నగరమునకు కొనిపోయి అమ్ముచుండెడివాడు. 1927వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన, భార్య ఎవెలిన్‌తో కూడ అట్లు మయామికి పోయియుండగా, నెలలు నిండకమునుపే ఆమెకు ప్రసవమాయెను. బిడ్డ మూడు పౌనులైనను తూగలేదు. అంతకుముందే కొందరు బిడ్డలను పోగొట్టుకొనిన తండ్రి, వీడును దక్కడని తలచి, చెప్పుల పెట్టె యంత చిన్న శవపేటికను తెచ్చి యుంచెను. తల్లి ఒప్పుకొనలేదు. ఆమె ఒక సోదెకత్తె యొద్దకు పోగా, ఈ బిడ్డ బ్రతుకుననియు, రాజులతో కలిసి నడచుననియు ఆ సోదెకత్తె చెప్పెనట. సోదెను మేము నమ్మము. కాని ఆ తల్లి నమ్మి, ఇంటికి వచ్చి, ఆ పెట్టెను అక్కడినుండి తీసివేయించెను.

మయామిలో పుట్టుటచేత ఆ శిశువు అమెరికా పౌరుడాయెను. పెరుగుట మాత్రము క్యాట్ ద్వీపముననే. అచ్చట విద్యుద్దీపములు లేవు, కొళాయిలు లేవు, మోటారు బండ్లు లేవు. ఏడుగురు బిడ్డలలో సిడ్నీ కడగొట్టువాడు. కొంతకాలమునకు ఫ్లారిడా రాష్ట్రమువారు బహామా టొమాటోల దిగుమతిని ఆపివేయుటచే ఆ కుటుంబము బ్రతుకుతెరువు పోయి, సిడ్నీ పదేండ్లవాడై యుండగా, నస్సా పట్టణము చేరెను. మొట్టమొదట మోటారు బండిని, మొట్టమొదట సినిమాను అతడు అక్కడనే చూచెను. ఆ చిత్రములో గుఱ్ఱపు రౌతులు ఆవుల మందలను తోలుకొని పోవుచుండిరి. ఆట ముగియగానే ఈ బాలుడు పరుగున పోయి సినిమా హాలు వెనుక నిలువబడెను. ఆ ఆవులు, గుఱ్ఱములు వెనుక ద్వారమునుండి బయటికి వచ్చునని వాని యూహ! ఎంతసేపు నిలుచున్నను ఒక్క ఆవైనను రాలేదు. ఆ మాట విని ఇంటివారు నవ్విరి.

చదువు సంగతి చెప్పవలసినచో, అంతయు కలిపి రెండేండ్లకు మించలేదు. పండ్రెండు పదమూడేండ్ల వయసుననే కుటుంబమునకై కూలిపనికి పోవలసి వచ్చెను. అక్షరములు తెలియును, చిన్న మాటలు కూడబలుక గలడు, అంతే. పట్టణములో వాడు చెడు సావాసములలో పడుచున్నాడని గ్రహించి, తండ్రి పదునైదవ యేట వానిచేత మూడు డాలర్లు పెట్టి, మయామిలోని అన్న యింటికి ఓడ ఎక్కించెను.

బహామాలో జనులు చాలవరకు నల్లజాతివారే గనుక, చర్మపు రంగు ఒక నేరమని ఆ బాలునకు అంతవరకు తెలియదు. మయామిలో తెలిసినది. సరకులు ఇండ్లకు చేర్చు పనిలో కుదిరి, ఒకనాడు ఒక తెల్లదొరసాని యింటి ముందరి తలుపు తట్టెను. ఆమె దొడ్డిత్రోవకు పొమ్మనెను. ఇంటి యజమానురాలు ముందరనే నిలుచుండగా దొడ్డికి పోవుట యెందుకో వానికి బోధపడక, పొట్లమును గడపలో పెట్టి వచ్చెను. తరువాత ముసుగులు ధరించి నల్లవారిని హింసించు క్లూ క్లక్స్ క్లాన్ మనుష్యులు వానిని వెదకుచు అన్నగారి యింటికి వచ్చిరి. అట్టి చోట నిలువజాలక, 1943లో, పదునారేండ్ల వయసున, న్యూయార్కు నగరమునకు పోయెను.

న్యూయార్కులో బస్సు స్టేషనులోను, మేడల పైకప్పులమీదను పండుకొనెను. హోటళ్లలో అంట్లు తోమెను. చలికి తాళజాలక, వయసు దాచి సైన్యములో చేరి, ఒక యేడాదికి బయటపడి, మరల అంట్లే తోమెను. మన భాషలో పాత్ర యను మాటకు రెండర్థములు గలవు గదా. ఆ యువకునకు మొదట దొరకినవి తోమవలసిన పాత్రలు. ఒకనాడు నల్లజాతివారి వార్తాపత్రికలో పని ప్రకటనలు చూచుచుండగా, అంట్లు తోమువారు కావలెనను ప్రకటనలు గల పుటకు ఎదుటి పుటలో నటులు కావలెనని యుండెను. అదియును ఒక పనియే గదా యనుకొని, హార్లెము పేటలోని అమెరికన్ నీగ్రో థియేటరునకు పోయెను.

అక్కడ ఫ్రెడరిక్ ఓనీల్ అను నటుడు వాని చేతికి నాటక మిచ్చి వేదిక మీదికి ఎక్కి చదువుమనెను. వాడు ఒక్కొక్క మాటను వ్రేలితో పట్టుకొన్నట్లు, ద్వీపపు యాసతో, కూడబలుకుచు చదువసాగెను. ఓనీల్‌గారు వేదిక యెక్కి, మెడపట్టి తలుపుదాక నడిపించి, నటుల కాలము పాడుచేయక పోయి అంట్లు తోముకొనుమని గెంటివేసెను. వీధిలో నడచుచు సిడ్నీకి ఒక సంగతి తట్టెను: నేను అంట్లు తోమువాడనని ఆయనకు చెప్పలేదే! నన్ను చూచిన మనుష్యునకు నా జీవితమంతయు అంతవరకే కనబడినదా? ఆ దినము వరకు వానికి నటుడు కావలెనను కోరిక లేనే లేదు. ఆ మాట తప్పని నిరూపింపవలెనని పట్టుదల కలిగెను.

యాస పోవుటకు పదునాలుగు డాలర్లు పెట్టి ఒక రేడియో కొనెను. పని లేనప్పుడెల్ల రేడియోలో మాటలాడువారు పలుకు ప్రతి వాక్యమును వారి వెంట తానును పలుకుచుండెను. యాస యనగా తప్పు భాష యని మేము చెప్పుట లేదు. మన కోస్తా వారికిని, తెలంగాణమువారికిని, రాయలసీమవారికిని ఎవరి యాస వారికి తియ్యన. కాని ఆ కాలమున ఆ వృత్తిలో అడుగు పెట్టుటకు అది అడ్డమైయుండెను. రేడియో పలుకుబడిని నేర్పగలదు గాని అచ్చు అక్షరమును నేర్పలేదు.

అక్షరము నేర్పిన గురువు ఒక హోటలులో సర్వరు. న్యూయార్కులోని క్వీన్సు భాగములో సిడ్నీ పాత్రలు తోముచున్న హోటలులో ఆయన వడ్డన చేయుచుండెను. యూదుడు, వృద్ధుడు. రాత్రి పని ముగిసిన తరువాత సర్వరులందరు ఒక బల్లయొద్ద కూర్చుండి భుజించుచుండిరి. ఒక రాత్రి సిడ్నీ దినపత్రిక పట్టుకొని కూర్చుండెను. ఆ వృద్ధుడు, పత్రికలో విశేషము లేమని అడిగెను. తనకు సరిగా చదువరాదని ఆ యువకుడు నిజము చెప్పెను. ఈ ఒక్క నిజము చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో మా తరగతిలో పుస్తకము అడ్డము పెట్టుకొని నిలువబడు బాలునికి తెలియును. అప్పుడు ఆ వృద్ధుడు నవ్వక, జాలిపడక, నీతో కూడ చదువుమందువా యని అడిగెను.

ఆ రాత్రి మొదలు కొన్ని వారములపాటు, తక్కిన పనివారందరు పోయిన తరువాత, ఆ వృద్ధుడు వాని ప్రక్కన కూర్చుండి పత్రిక చదివించెను. అప్పటికే ఆయన దినమంతయు నిలువుకాళ్ల మీద పనిచేసి అలసియుండును. కామా యనగా నేమియో, అక్కడ ఎంతసేపు ఆగవలెనో, తెలియని పెద్ద మాట అడ్డము వచ్చినప్పుడు దాని ముందు వెనుకల మాటలను బట్టి అర్థమును ఎట్లు ఊహింపవచ్చునో చెప్పెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు పఠన బోధనమును గూర్చి అక్షర పద్ధతి, పద పద్ధతి, వాక్య పద్ధతి యని ఎన్నియో ఉపన్యాసములు చెప్పిరి. అవి యన్నియు మంచివే. కాని ఆ వృద్ధుడు శిష్యుని యెదుట బెత్తముతో నిలువక ప్రక్కన కూర్చుండెనను సంగతి మాకు తరచు జ్ఞప్తికి వచ్చుచుండును.

కొన్ని నెలలకు సిడ్నీ మరల ఆ నాటకశాలకు పోయెను. అప్పుడును వారు సంతోషముగా చేర్చుకొనలేదు. జీతము లేకుండ నాటకశాలను ఊడ్చి తుడిచెదను, నేర్చుకొననిండు అని బ్రతిమాలి లోపల ప్రవేశించెను. అక్కడనే హారీ బెలఫాంటే యను యువకునితో పరిచయ మాయెను. బెలఫాంటే రాలేని దినమున అతని వేషము కట్టుటకు సిడ్నీని సిద్ధపరచి యుంచిరి. ఒక రాత్రి అతడు రాలేదు, సిడ్నీ ఆడెను, ఆనాడు చూడవచ్చిన దర్శకుడొకడు మెచ్చి, 1946లో బ్రాడ్వే వేదికపై లైసిస్ట్రాటా నాటకమున చిన్న వేషమిచ్చెను. మొదటి రాత్రి సభను చూచి గుండె జారి, మాటలన్నియు తలక్రిందులుగా పలికి పారిపోయెను. జనులు అది హాస్యమనుకొని విరగబడి నవ్విరి, పత్రికలవారు మెచ్చుకొనిరి. నాటకము నాలుగు ప్రదర్శనలకే ఆగిపోయెను గాని ఈతని పేరు నిలిచెను. ఇట్టి యదృష్టము అందరికిని పట్టదు; పరీక్షలో తప్పు వ్రాసి మార్కులు పొందవచ్చునని విద్యార్థులు భ్రమపడకుందురు గాక.

1950లో హాలీవుడ్డువారు తీసిన నో వే ఔట్ అను చిత్రములో సిడ్నీ వైద్యుని వేషము ధరించెను. అంతకుముందు చిత్రములలో నల్లజాతివారు ఎట్టి వేషములలో కనబడుచుండిరో తెలిసినగాని దీని విలువ తెలియదు. వంటవాడు, బంట్రోతు, కండ్లు త్రిప్పి నవ్వించు మందమతి: ఇవే వారికి దొరకు వేషములు. 1940లో హాటీ మెక్డానియల్ అను నటీమణి గాన్ విత్ ద విండ్ చిత్రములో దాసి వేషమునకు ఆస్కారు బహుమానము పొందినప్పుడు, ఆమెను ఆ విందుశాలలో తోటి నటులతో కూర్చుండనీయక, గోడ ప్రక్కన వేరు బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. అట్టి లోకములో ఒక నల్లవాడు తెల్లని కోటు ధరించి, తెల్ల రోగుల నాడి చూచుట వింతయే.

మరుసటి యేడు విడుదలయైన క్రై, ద బిలవ్డ్ కంట్రీ అను చిత్రమును దక్షిణాఫ్రికాలో తీసిరి. అందు అతడు క్రైస్తవ బోధకుని వేషము ధరించెను. నల్లజాతి నటులు స్వేచ్ఛగా ఆ దేశమున అడుగుపెట్ట వీలులేదు గనుక, సిడ్నీని, అతని తోటి నటుడైన కెనడా లీని దర్శకుని ఒప్పందపు కూలీలుగా కాగితములు వ్రాయించి తీసికొనిపోయిరి. ఒప్పందపు కూలీ యను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. మన కోస్తా జిల్లాలవారు ఎందరో అట్టి కాగితములమీదనే నెటాలునకు చెరకు తోటలలో పనిచేయుటకు ఓడ ఎక్కిరి.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన ఘట్టమునకు వచ్చుచున్నాము. ఈ రెండు మూడు చిత్రముల పిమ్మట పని దొరకక అతడు కష్టదశలో నుండెను. భార్య రెండవ కాన్పునకు సిద్ధముగా నుండెను. అట్టి సమయమున వారమునకు 750 డాలర్లు జీతముతో ఒక వేషము వచ్చెను. అందులో అతడు ఊడ్చి తుడుచు పనివాడు. దుర్మార్గులు చేసిన నేరమును చూచి యుండుటచే, నోరు మెదపకుండుటకై వారు ఇతని చిన్న కూతును చంపుదురు. తండ్రి ఏమియు చేయడు, ఏమియు అనడు. కథలో అతనిని నీచునిగా చూపలేదు. తిట్టులేదు, ఎగతాళి లేదు. అయినను సిడ్నీ ఆ వేషము నిరాకరించెను. కారణ మేమని అడిగినవానికి అప్పుడు సరిగా చెప్పలేకపోయెను. తరువాత చాల ఏండ్లకు చెప్పెను: టొమాటోలు పండించిన తన తండ్రి రెజినాల్డ్ అట్టి వేళ మిన్నకుండువాడు కాడట, ఆయన కొడుకు అట్టి తండ్రిగా నటింపజాలడట. ఆస్పత్రి ఖర్చునకు ఇంటి సామానును తాకట్టుపెట్టి 75 డాలర్లు అప్పు తెచ్చెను. జీతములో పదవ వంతు సొమ్మునకు అప్పు! ఆ వేషమును చూపిన మధ్యవర్తి మార్టిన్ బామ్ ఈ వింత మనుష్యుని మరువలేక, కొన్ని నెలలకు పిలిపించి, ఇకమీద నీ వ్యవహారములు నేను చూచెదననెను.

1955లో బ్లాక్‌బోర్డ్ జంగిల్ అను చిత్రము వచ్చెను. పోకిరి పిల్లలు గల ఒక పాఠశాల కథ. ఇరువదియెనిమిదేండ్లు నిండబోవుచున్న సిడ్నీ అందులో విద్యార్థి. అప్పుడు అమెరికాలో కమ్యూనిస్టుల భయము ప్రబలియుండెను. గాయకుడు పాల్ రాబ్‌సన్‌ను, మిత్రుడైన కెనడా లీని ఖండించుచు ఒక పత్రముమీద సంతకము చేయుమని అతనిని కోరిరి. అతడు చేయలేదు. దర్శకుడు రిచర్డ్ బ్రూక్స్ పట్టుపట్టుటచే పని మాత్రము పోలేదు. చదువు నేర్చిన పదేండ్లకు, తన పేరు వ్రాయగలిగిన చేతితో, ఎక్కడ వ్రాయరాదో కూడ అతడు తెలిసికొని యుండెను.

అయితే అతడు ప్రతి మారును జయించెనని వ్రాసిన అబద్ధమగును. పోర్గీ అండ్ బెస్ అను చిత్రములో వేషము అతనికి రుచింపలేదు, మొదట వలదనెను, హాలీవుడ్డు పెద్దల ఒత్తిడికి లొంగి చివరకు వేసెను, 1959లో అది వచ్చినది. అందుకు అతడు సంతోషింపలేదు. గృహజీవితమును గూర్చియు అతడు తన దోషములను తన గ్రంథములలో దాచుకొనలేదు. మొదటి వివాహము నిలువలేదు. ఆ వృత్తాంతము విద్యార్థుల పత్రికకు అక్కరలేదు.

1958లో వచ్చిన ద డిఫయంట్ వన్స్ చిత్రములో ఒక తెల్లవాడును, ఒక నల్లవాడును ఒకే సంకెలతో కట్టబడి చెరనుండి పారిపోవుదురు. తెల్లవాడుగా టోనీ కర్టిస్ నటించెను. తుదకు నల్లవాడు కదలుచున్న రైలు ఎక్కి, తెల్లవాడు ఎక్కలేక పడిపోగా, తానును దూకివేయును. ఈ చిత్రముతో సిడ్నీ ఉత్తమ నటుని ఆస్కారు పోటీకి ఎన్నికైన మొదటి నల్లజాతివాడాయెను. ఆ దృశ్యమునకు తెల్లవారు చప్పట్లు కొట్టిరి. హార్లెములో చూచినవారు మాత్రము, మరల రైలెక్కు మని కేకలు వేసిరని రచయిత జేమ్స్ బాల్డ్విన్ వ్రాసియున్నాడు. మేము మొదటిమారు చూచినప్పుడు కన్నీరు పెట్టుకొంటిమి; బాల్డ్విన్ మాట చదివిన తరువాత ఆ కన్నీటిని గూర్చి మాకు కొంత అనుమానము కలిగినది.

1963లో లిలీస్ ఆఫ్ ద ఫీల్డ్ చిత్రమును పదునాలుగు దినములలో, కొలది ఖర్చుతో తీసిరి. ఆ పేరు కొండమీది ప్రసంగమునుండి గ్రహింపబడినది. ఊరూర తిరుగుచు పనిచేయు హోమర్ స్మిత్ అను బాప్తిస్టు యువకుడు ఆరిజోనా ఎడారిలో కారునకు నీళ్లకై ఆగును. అచ్చట జర్మను భాష మాటలాడు కాతోలిక సన్యాసినులు కొందరు ఉందురు. పెద్దమ్మగారు ఇతనిని దేవుడే పంపెనని నిశ్చయించుకొని, కూలి ఇవ్వకయే గుడి కట్టించును. మాకు అన్నిటికంటె ఇష్టమైన దృశ్యము సాయంకాలపు ఇంగ్లీషు పాఠము. హోమర్ ఒక్కొక్క మాట చెప్పుచుండ, ఆ సన్యాసినులు అతని దక్షిణదేశపు యాసతోనే వల్లించుదురు. యాస పోగొట్టుకొనుటకు రేడియోముందు కూర్చుండిన యువకుడు ఇక్కడ యాసను నేర్పు గురువాయెను. పాట పాడు దృశ్యములో గొంతు మాత్రము జెస్టర్ హెయిర్‌స్టన్‌ది. సిడ్నీకి శ్రుతిజ్ఞానము బొత్తిగా లేదు. 1964వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన ఈ చిత్రమునకు ఉత్తమ నటుని ఆస్కారు బహుమానము అతనికి లభించెను. ఆ బహుమానము పొందిన మొదటి నల్లజాతివాడు అతడే. రెండవవానికై ముప్పదియెనిమిదేండ్లు, అనగా 2002లో డెంజెల్ వాషింగ్టన్ వరకు, వేచియుండవలసి వచ్చెను.

ఆ బహుమానమైన నాలుగు నెలలకు, ఆగస్టులో, బెలఫాంటే మరల కనబడెను. మిసిసిపీ రాష్ట్రమున నల్లజాతివారిచేత ఓటరు పట్టికలో పేర్లు వ్రాయించుటకు వందలకొలది యువకులు పోయి పనిచేయుచుండిరి. వారిలో ముగ్గురు జూను మాసమున హత్య చేయబడిరి. డబ్బు నిండుకొనగా బెలఫాంటే 70,000 డాలర్లు పోగుచేసి, సంచిలో పెట్టుకొని, సిడ్నీని తోడు రమ్మనెను. గ్రీన్‌వుడ్ విమానాశ్రయమునుండి ఊరిలోనికి పోవు చీకటి త్రోవలో ఒక ట్రక్కు వారి కారును వెంబడించి గ్రుద్దుచు వచ్చెను. వారు ప్రాణములతో ఊరు చేరిరి, డబ్బును చేరినది.

అందుచేతనే 1967లో ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్ చిత్రము తీయునప్పుడు దక్షిణ రాష్ట్రములకు రానని సిడ్నీ నిష్కర్షగా చెప్పెను. కథ మిసిసిపీలో జరిగినను చిత్రమును చాలవరకు ఇల్లినాయి రాష్ట్రములోని స్పార్టా అను ఊరిలో తీసిరి. అందు అతడు ఫిలడెల్ఫియా నగరపు పోలీసు ఉద్యోగి. ఊరి పోలీసు అధికారి, మీ ఊరిలో నిన్నేమని పిలుతురని ఎగతాళిగా అడుగగా, మిస్టర్ టిబ్స్ అని పిలుతురని బదులు చెప్పును. మన గ్రామములలో ఎవరి పేరునకు 'గారు' చేర్చుదురో, ఎవరిని 'ఒరే' యని పిలుతురో, తలనెరసిన వృద్ధునికైనను ఆ రెండక్షరములు ఎందుకు దక్కకపోయెనో ఎరిగినవారికి ఈ దృశ్యమును వివరింప నక్కరలేదు. మరియొక చోట ధనవంతుడైన తెల్ల భూస్వామి టిబ్స్ చెంప కొట్టును. టిబ్స్ ఒక నిమిషమైనను తడయక తిరిగి కొట్టును. క్రైస్తవులమైన మాకు రెండవ చెంప చూపుమను ఉపదేశము కలదు, ఆ దృశ్యమును గూర్చి మాలో మేము చాల తర్కించుకొంటిమి, ఇంకను ముగియలేదు. అయినను ఆ దెబ్బ తెరమీద వినబడినప్పుడు ఎందరు తలయెత్తి కూర్చుండిరో మేము ఊహింపగలము.

ఆ యేడే గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్ అను చిత్రమును వచ్చెను. అందు నల్లజాతి వైద్యుడొకడు తెల్లకన్యను పెండ్లాడ దలచును. అది తీయుచున్నప్పుడు అట్టి వివాహము పదునేడు రాష్ట్రములలో నేరము. 1967 జూను 12వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆ చట్టములను కొట్టివేసెను. మూడు చిత్రములు ఒకే యేట జయమొందుటచే మరుసటి యేటి లెక్కలో ప్రజలను సినిమాశాలలకు రప్పించు నటులలో సిడ్నీ ప్రథముడాయెను.

ఆ ఎత్తుననే ఎదురుగాలి వీచెను. ఇతడు ఎప్పుడును సద్గుణ సంపన్నుడు, ఎప్పుడును శుభ్రమైన ఉడుపులవాడు. తెల్లవారు మెచ్చుటకై చేసిన బొమ్మయే గాని రక్తమాంసములు గల నల్లవాడు కాడని క్లిఫర్డ్ మేసన్ అను నల్లజాతి రచయిత న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్రాసెను. సిడ్నీ మిక్కిలి నొచ్చుకొనెను. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. హాలీవుడ్డులో నాయక పాత్ర దొరకు నల్లవాడు అతడొక్కడే యైనప్పుడు, అతడు వేసిన ప్రతి వేషమును కోట్లమంది ప్రతినిధిగా చూచెదరు. ఒక్కడు కోట్లమందికి సరిపోవు ముఖమును ఎక్కడనుండి తెచ్చును? మిషను పాఠశాలలలో చదివి మొదటి తరమున ఉద్యోగములు పొందిన మన పెద్దలును, తమ తప్పు తమ జనులందరి తప్పుగా ఎంచబడునని భయపడి, అట్లే ఎల్లప్పుడు ఇస్త్రీ చొక్కాలో మెలగిరి. వారి బిగువును చూచి మేము చిన్నతనమున నవ్వినవారమే.

ఆ సంవత్సరపు మూడవ చిత్రము టు సర్, విత్ లవ్. బ్రిటిష్ గయానాలో పుట్టి, యుద్ధమున ఆంగ్ల వైమానిక దళములో పనిచేసి, ఇంజనీరు చదువు ఉండియు రంగు కారణముచే ఆ పని దొరకక, లండను తూర్పు భాగమున ఉపాధ్యాయుడైన ఇ. ఆర్. బ్రెయిత్‌వైట్ తన అనుభవమును వ్రాసిన గ్రంథము దానికి మూలము. పండ్రెండేండ్ల క్రిందట పోకిరి విద్యార్థిగా నటించినవాడు ఇందులో పోకిరి విద్యార్థులకు గురువు. ఒకచోట పాఠ్యపుస్తకములను చెత్తబుట్టలో వేసి, ఇకమీద మనము పెద్దవారివలె మాటలాడుకొందమనును. పుస్తకములను పారవేయుట మాకు నచ్చలేదు. అయినను ఆ పిల్లలు అతనిని 'సర్' అనుటకు, అతడు బాలికలను 'మిస్' అనుటకు పట్టు కాలమంతయు చక్కగా చూపిరి. ఉపాధ్యాయులు ఒకమారు చూడదగినది.

ఆ పిమ్మటి సంగతులు త్వరగా చెప్పెదము. అతడు కొంతకాలము దర్శకుడై హాస్యచిత్రములు తీసెను. 1980లో తీసిన స్టిర్ క్రేజీ పదికోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. 1974లో ఆంగ్ల రాణి నైటు బిరుద మిచ్చెను. 1997 మొదలు 2007 వరకు జపాను చక్రవర్తి కొలువునకు బహామా రాయబారిగా నుండెను. సోదెకత్తె మాటను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనువారిని మేము వారింపజాలము. 2009లో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా అతనికి ఆ దేశపు అత్యున్నత పౌర పతకము నిచ్చెను. 2012లో నస్సాలోని ఒక వంతెనకు అతని పేరు పెట్టిరి. 2022 జనవరి 6వ తేదీన, తొంబదినాలుగేండ్ల వయసున, మరణించెను.

వీనన్నిటిలో మేము మా విద్యార్థికి ఒత్తి చెప్పినది మరియొక బహుమానము. 2000లో సిడ్నీ తన జీవితమును గూర్చి ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ అను గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథమును తానే బిగ్గరగా చదివి రికార్డు చేయించెను. ఆ పఠనమునకు 2001లో గ్రామీ బహుమానము లభించెను. చదువరాదని హార్లెము వేదికమీదినుండి గెంటబడిన గొంతే అది.

2013లో, ఎనుబదియారేండ్ల వయసున, ఒక టెలివిజను సంభాషణలో హోటలులోని ఆ వృద్ధుని ప్రస్తావన రాగా అతని కండ్లు నిండినవి. పేరు సంపాదించిన తరువాత ఆయనకు కృతజ్ఞత చెప్పవలెనని వెదకెనట, ఆయన దొరకలేదట.

కథ విని మా విద్యార్థి, "ఆ ముసలాయన పేరేమిటండీ?" అని అడిగెను. యూదుడైన ఆ సర్వరు అనియే సిడ్నీ చెప్పుచుండెనని చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి వెడలిపోయెను. మూడవనాటి సాయంకాలము బడి విడిచిన తరువాత ఒక పాత దినపత్రికతో వచ్చి మా బల్ల ప్రక్కన నిలువబడెను. కుర్చీ జరిపి కూర్చుండ జెప్పితిమి. సంయుక్తాక్షరములయొద్ద ఇంకను తడబడుచున్నాడు. కామాయొద్ద ఆగుట మాత్రము వచ్చినది.